తేనెకు అడంగలు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ శుభసమయమున సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను గ్రామపు లెక్కలు వ్రాయువాడను. మా ఇంట మా తండ్రిగారి వఱకు కరణీకముండెను. 1984లో ఆ పదవులు రద్దయినవి. పదవి పోయినను లెక్క మా ఇల్లు విడువలేదు. నేనును రెవెన్యూ లెక్కలలోనే తల నెఱపించుకొన్నాను. సంస్కృతాంధ్రములలో నాకబ్బినది గురుముఖమున నేర్చినది కాదు. రాత్రివేళ దీపము ముందు నిఘంటువు నొకచేతను, గ్రంథము నొకచేతను పట్టుకొని కూడబలుకుకొన్నది. అందుచేత సాహిత్యమును గూర్చి పెద్దలు చెప్పుటయే యుక్తము. నేను తేనెను గూర్చి చెప్పెదను. తేనెను గూర్చి యేల యనగా, ఈ గ్రంథాలయము నాకు చేసిన మేలు తేనెతో ముడివడియున్నది. ఆ మేలు నా తప్పొకటి నాకు చూపుట.

పదునైదేండ్ల క్రిందటి మాట. కొండలలో తేనె దింపి తెచ్చు ముదుసలి యొకడు ఏటేట ఎండకాలము చివర మా వీథికి వచ్చుచుండెను. మా తల్లిగారు అతనియొద్దనే తేనె కొనెడివారు. ఆ కాలమున తేనె పరీక్షించుటలో నాకు ఊరిలో కొంత పేరుండెను. అద్దుడు కాగితముపై చుక్కవేసి చూచుట, గ్లాసునీళ్లలో విడిచి చూచుట, వత్తిని ముంచి వెలిగించుట – ఇవన్నియు నేను సభచేసి చూపుచుంటిని. ఒక ఏడు పుష్యమాసపు చలిలో, అతనియొద్ద కొన్న తేనె సీసా అడుగున తెల్లగా, పలుకులు పలుకులుగా పేరుకొనెను. “ఇది చక్కెర” అని నేను తీర్పు చెప్పితిని. అతడు మరల వచ్చినప్పుడు రచ్చకట్టయొద్ద పదిమందిలో నిలబెట్టి అడిగితిని. అతడు, “సామీ, చలికి గడ్డ కట్టింది. యెండలో పెట్టి చూడు సామీ, కరుగుతాది” అనెను. నేను చూడలేదు. అతడు మాటాడక సీసా పుచ్చుకొని, రూకలు నా ముందుంచి వెడలిపోయెను. మరల మా ఊరు రాలేదు.

ఆ వేసవిలో మా తల్లిగారు వంటయింటి అటకమీదినుండి చిన్న జాడీ యొకటి దింపిరి. సీసాలోని తేనె కొంత ముందే అందులో ఒంపి, మందులకని దాచియుంచిరి. చలికాలమున అదియు పేరుకొన్నదే. చైత్రపుటెండకు అంతయు కరిగి, బంగారువలె తేటపడి యుండెను. అమ్మ జాడీ నాకు చూపి, “నాయనా, ఆ ముసలాయన చెప్పింది ఇదేనేమో” అనిరి. అంతకు మించి నన్నొకమాటయు అనలేదు. ఆ తరువాత ఈ గ్రంథాలయమునకు వచ్చి, తేనెటీగలను గూర్చిన పుస్తకము తీసి చదివితిని. పేరుకొనుట తేనెకు సహజగుణమని అందులో స్పష్టముగా నున్నది. ఆ పుస్తకము నేను తీర్పు చెప్పిన నాడును ఇదే బీరువాలో నుండెను. నేను తెఱవలేదు.

కావున నేడు నేను చెప్పబోవునది పండితుని మాట కాదు. తప్పుడు లెక్క వ్రాసి, తరువాత దిద్దుకొన్నవాని మాట.

మొదట తేనె యేమియో చూతము. పూవులోని మకరందము చాలవఱకు నీరు. అందు చెఱకు చక్కెరవంటి చక్కెర కలదు. తేనెటీగ దానిని కడుపు సంచిలో మోసికొని వచ్చునప్పుడే తన నోటి రసముల నందు కలుపును. ఆ రసముచేత ఒక్కటిగా నున్న చక్కెర విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలగును. తరువాత ఈగలు రెక్కలతో విసరి విసరి నీటిని ఆర్చును. తగినంత చిక్కబడిన తరువాత మైనముతో గది మూత వేయును. అట్లు పండిన తేనెలో నూటికి సుమారు 38 పాళ్లు ఫ్రక్టోజు, 31 పాళ్లు గ్లూకోజు, 17, 18 పాళ్లు నీరు ఉండును. మిగిలినది ఇతర చక్కెరలు, ఆమ్లములు, లవణములు, పుప్పొడి. ఇవి సగటు లెక్కలు మాత్రమే. పూవునుబట్టి, ఈగనుబట్టి, ఋతువునుబట్టి మాఱుచుండును.

మన పూర్వులు ఈ భేదములను ఎఱుగనివారు కారు. చరకుడు మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికము అని తేనెను నాలుగు విధములుగా విభజించెను. ఒకటి నూనె వన్నె, ఒకటి తెలుపు, ఒకటి కపిలవర్ణము, ఒకటి నేతి వన్నె అని రంగులు చెప్పెను. సుశ్రుతుడు ఎనిమిది విధములు చెప్పెను. వారు చేసిన విభాగము ముఖ్యముగా ఈగలనుబట్టి. నన్ను మిక్కిలి ఆకర్షించినవాడు మాత్రము కౌటిల్యుడు. అతడు అర్థశాస్త్రమున కోష్ఠాగారపు లెక్కలు చెప్పుచు, బెల్లము, ఖండశర్కర మొదలగువానిని ఒక పద్దు క్రిందను, తేనెను వేఱొక పద్దు క్రిందను వ్రాయించెను. రెండును తీపియే. అయినను పద్దు వేఱు. లెక్కలు వ్రాయువాడనగుటచే ఈ మాట నా మనసున నాటుకొన్నది. తేనె పేర చక్కెర నమ్ముట యనగా, ఒక పద్దు సొమ్మును మఱియొక పద్దున వ్రాయుటయే కదా!

మన ప్రాంతమున తేనె నాలుగు చోట్ల దొరకును. కొండ చఱియలకును, పెద్ద మఱ్ఱులకును వ్రేలాడు పెద్ద పట్టు ఒకటి. ఆ ఈగను శాస్త్రజ్ఞులు ఏపిస్ డార్సేటా యందురు. పుట్టలలోను, చెట్టు తొఱ్ఱలలోను వరుసగా పలుపట్టులు కట్టునది రెండవది, ఏపిస్ సెరానా. దాని తేనెనే మనవారు పుట్టతేనె యందురు. పుట్టల పేరు పెట్టుకొన్న ఊరివారమగుటచే మనకు దానిపై అభిమానము హెచ్చు. పొదలలో కొమ్మకు చిన్న పట్టు కట్టునది మూడవది, ఏపిస్ ఫ్లోరియా. కుట్టని ముసరు ఈగల కొలది తేనె నాలుగవది. వీనికి తోడు ఇప్పుడు పెట్టెలలో పెంచు ఇటలీ ఈగయు వచ్చినది.

ఇక ఇంటి పరీక్షలు. ఒక్కొక్కదానిని ముందు నిలబెట్టి విచారింతము.

గ్లాసునీళ్ల పరీక్ష. మంచి తేనె చుక్క చెదరక అడుగునకు దిగుననియు, కల్తీది నీట కలిసిపోవుననియు చెప్పుదురు. నీళ్లు కలిపిన తేనెను ఇది పట్టుకొనును. కాని తీగపాకము వచ్చునట్లు కాచిన చక్కెర చుక్క వేసి చూడుడు. అదియు చెదరక దిగును. కావున ఈ పరీక్ష చిక్కదనమును చెప్పును గాని పుట్టుకను చెప్పదు.

అద్దుడు కాగితము. ఇదియు నీటి పరీక్షయే. తడి వ్యాపించిన నీరు హెచ్చనియు, వ్యాపింపకున్న తక్కువ యనియు తెలియును. వత్తి పరీక్షయు అట్టిదే. నీరు హెచ్చైన వత్తి చిటపటలాడును. చిక్కని పాకమున ముంచిన వత్తియు చక్కగా వెలుగును. ఇందు మఱియొక అన్యాయము కలదు. అడవి తేనెలో, పుట్టతేనెలో సహజముగానే నీరు కొంత హెచ్చు. వానకాలమున దింపిన దానిలో మఱింత హెచ్చు. కొండనుండి నిజాయితీగా తెచ్చినవాడు ఈ పరీక్షలో ఓడును. పొయ్యిమీద పాకము కాచినవాడు గెలుచును.

చీమలు పట్టవనియు, కుక్క ముట్టదనియు చెప్పు మాటలు వట్టివి. చీమ తీపి నెఱుగును గాని మన చట్టము నెఱుగదు.

పేరుకొనుట. నా తప్పు ఇక్కడనే. తేనెలోని రెండు చక్కెరలలో గ్లూకోజు నీటిలో తక్కువగా కరగును. చలి తగిలినప్పుడు అది పలుకులుగా విడివడును. సుమారు 14 డిగ్రీల చలిలో ఇది త్వరగా జరుగును. గ్లూకోజు హెచ్చుగా నున్న తేనె, ఉదాహరణకు ప్రొద్దుతిరుగుడు పూల తేనె, కొలది వారములలోనే గడ్డకట్టును. ఫ్రక్టోజు హెచ్చైనది ఏండ్లు గడచినను పలుచగానే యుండవచ్చును. కావున పేరుకొనుట కల్తీకి సాక్ష్యము కాదు. అట్లని శుద్ధికిని సాక్ష్యము కాదు. పాకమును పలుకు కట్టును. గడ్డకట్టిన తేనె సీసాను గోరువెచ్చని నీటిలో నుంచిన చాలును. మంటపై పెట్టరాదు. తేనెను కాచరాదని ఆయుర్వేదము నిషేధించినది. కాచిన తేనెలోని జీవరసములు నశించునని నేటి రసాయనశాస్త్రమును చెప్పుచున్నది.

ఇంట చేయదగిన పరీక్షలలో నాకు న్యాయమని తోచినది తూకము. ఒక సీసా నిండ నీళ్లు పోసి తూచి, నీటి బరువు వ్రాసికొనుడు. అదే సీసాను తుడిచి ఆర్చి, నిండ తేనె పోసి తూచుడు. సీసా బరువు తీసివేయగా, నీరు కిలో పట్టినచోట తేనె కిలో మున్నూట యేబది గ్రాములకు తక్కువ కారాదు. మంచి చిక్కని తేనె కిలో నన్నూరు గ్రాముల వఱకు తూగును. ఇదియు నీటిని మాత్రమే పట్టుకొనును. కాని అంకె చెప్పును. అంకె చెప్పు పరీక్షలో అమ్మువానికిని కొనువానికిని తగవుండదు.

ఉప్పును కర్పూరమును పోల్చి చెప్పిన వేమన పద్యము మనలో రానివారు లేరు. ఆ మహానుభావుని సమాధి కదిరి ప్రాంతమున కటారుపల్లెలో మనకు దగ్గఱనే యున్నది. ఉప్పుకర్పూరములు చూపునకు ఒక్కటైనను నోటబెట్టిన తెలియును. తేనె విషయమున ఆ సదుపాయము లేదు. ఇప్పటి పాకములు చూపునకును, నాలుకకును గూడ తేనెవలెనే యుండును. ఆ కారణముచేతనే ప్రయోగశాల కావలసి వచ్చినది.

ప్రయోగశాలవారు ఏమి చూతురు? మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల ప్రకారము తేనెలో నీరు నూటికి 20 పాళ్లు మించరాదు. విడిపోని చెఱకు చక్కెర సాధారణముగా 5 పాళ్లు మించరాదు. ఫ్రక్టోజు, గ్లూకోజుల నిష్పత్తి 0.95 నుండి 1.5 వఱకు ఉండవలెను. ఎచ్.ఎం.ఎఫ్. అను పదార్థము కిలోకు 80 మిల్లీగ్రాములు దాటరాదు. చక్కెరను ఆమ్లముతో కాచి విడదీసి కృత్రిమముగా తేనెవంటిది చేసినప్పుడు ఈ ఎచ్.ఎం.ఎఫ్. విశేషముగా పుట్టును. దానిని ఎఱ్ఱరంగుచేత కనిపెట్టు ఫీహె పరీక్ష చాల పాతది. ఇందులోను జాగ్రత్త యవసరము. ఎండలో, రేకుల కొట్టములో ఏండ్లతరబడి నిలువయున్న మంచి తేనెలో గూడ ఎచ్.ఎం.ఎఫ్. పెరుగును. మన అనంతపురపు ఎండలు మీరెఱిగినవే.

కల్తీ చేయువాడు ఈ అంకెలన్నియు చదివికొన్నాడు. అంకెలకు సరిపోవునట్లు పాకము చేయించుకొన్నాడు. అప్పుడు శాస్త్రజ్ఞులు మఱియొక ఉపాయము కనిపెట్టిరి. చెట్లన్నియు గాలిలోని బొగ్గుపులుసు వాయువునుండియే చక్కెర చేసికొనును. అందలి కర్బనపు పరమాణువులలో బరువు 12 గలవి హెచ్చు, 13 గలవి కొంచెము. చెఱకు, మొక్కజొన్న ఒక త్రోవన చక్కెర చేయును. మన పొలముల జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱలదియు అదే త్రోవ. తేనెటీగలు వ్రాలు పూలచెట్లలో దాదాపు అన్నియు వేఱొక త్రోవన చేయును. మొదటి త్రోవ చక్కెరలో బరువైన కర్బనము కొంచెము హెచ్చు. ఆ తేడాను యంత్రమున కొలిచి, చెఱకు చక్కెరయో మొక్కజొన్న పాకమో కలిసినదని చెప్పవచ్చును. అట్టి చక్కెర నూటికి 7 పాళ్లు మించరాదని నియమము.

దీనికిని విరుగుడు పుట్టినది. వరి చెఱకు త్రోవన పోదు, పూలచెట్ల త్రోవనే పోవును. బియ్యపు పాకము కలిపిన తేనెను ఈ పరీక్ష పట్టుకొనలేదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సి.ఎస్.ఇ. అను పర్యావరణ సంస్థ మన విపణిలోని 13 బ్రాండ్ల తేనెలను పరీక్ష చేయించెను. పెద్ద బ్రాండ్లలో చాలవఱకు మన దేశపు ప్రమాణములకు నిలిచినవి. జర్మనీలో ఎన్.ఎం.ఆర్. అను సూక్ష్మ పరీక్షకు పంపగా, అన్నిటికిని నిలిచినవి 3 మాత్రమే యని ఆ సంస్థ ప్రకటించెను. తయారీదారులు దానిని ఒప్పుకొనలేదు. వారి వివాదమున తీర్పు చెప్పుట నా పని కాదు. ఒకసారి తీర్పు చెప్పి బుద్ధి తెచ్చుకొన్నవాడను. అయినను ఒక పాఠము గ్రహింపవచ్చును. లెక్కలలో కూడిక సరిపోయినంత మాత్రమున ఖర్చు నిజమని ఏ తనిఖీదారుడును ఒప్పడు. “రసీదు ఏది?” అని అడుగును. తేనె విషయమునను కూడిక చాలదు, రసీదు కావలెను.

ఆ రసీదు తేనెలోనే యున్నదన్నచో మీరాశ్చర్యపడుదురు. అదియే పుప్పొడి.

రైతులకు అడంగలు తెలియును. ఏ సర్వే నంబరులో, ఎంత విస్తీర్ణమున, ఏ ఫసలీలో, ఏ పైరు వేసిరో వ్రాయు పుస్తకము. తేనెటీగయు అట్టి అడంగలు వ్రాయును. అది పూవుపై వ్రాలినప్పుడు మకరందముతో పాటు కంటికి కానరాని పుప్పొడి రేణువులు కొన్ని తేనెలో చేరును. ఒక్కొక్క చెట్టు పుప్పొడి ఒక్కొక్క ఆకారము. ఒకటి గుండ్రన, ఒకటి ముక్కోణము, ఒకటి ముండ్లబంతి. సూక్ష్మదర్శినిలో చూచినవాడు ఇది ఫలాని చెట్టుదని, లేదా ఫలాని కుటుంబముదని చెప్పగలడు. పద్ధతి కఠినము కాదు. 10 గ్రాముల తేనెను వెచ్చని నీటిలో కరిగించి, యంత్రమున గిరగిర త్రిప్పుదురు. అడుగున దిగిన మడ్డిని గాజుపలకపై పఱచి, రేణువుల నొక్కొక్కటిగా లెక్కింతురు. నూటికి 45 పైబడి ఒకే జాతివైనచో అది ప్రధానము. 16 నుండి 45 వఱకు ద్వితీయము. 3 నుండి 15 వఱకు గలవి చిన్నవి. 3కు తక్కువైనవి మఱియు చిన్నవి. ప్రధానమైన పూవు కలదానిని ఏకపుష్పపు తేనె యనియు, లేనిదానిని బహుపుష్పపు తేనె యనియు వ్యవహరింతురు. కొన్ని చెట్లు పుప్పొడి మెండుగాను, కొన్ని పిసినితనముగాను ఇచ్చును గనుక, ఈ లెక్కను అనుభవజ్ఞులు దిద్దుకొని చదువుదురు.

ఈ విద్య మన తెలుగునాట కొత్తది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులు సి.జి.కె. రామానుజముగారును, టి.పి. కల్పనగారును తెలుగుదేశపు తేనెలలోని పుప్పొడిని పరిశీలించిరి. దక్షిణ మధ్య ఆంధ్రప్రదేశమున కొమ్మతేనె పట్టు ఈగకు చింతచెట్టు ముఖ్యమైన మేతచెట్టని వారు 1992లో ఒక విదేశీ శాస్త్రపత్రికలో ప్రకటించిరి. హిందూపురము సంతకు పోయినవారికి చింతపండు బరువు తెలియును. మన గట్లమీది చింతతోపులు పులుపే కాదు, తీపియు నిచ్చుచున్నవని ఆ పుప్పొడి రేణువులు సాక్ష్యమిచ్చినవి.

ఇక మన చుట్టునున్న పూల ఫసలీ చూచుకొందము. ఉగాది నాటికి వేపపూవు. ఆ వెంటనే కానుగ. ఎండ ముదిరి తొలకరి వచ్చువేళకు చింత. చిత్రావతి యొడ్డునను, బుక్కపట్టణము చెఱువు దిగువనుండు బీళ్లలోను సర్కారుతుమ్మ. ఈ కంపను మనము తిట్టుకొందుము గాని ఈగలకది మంచి మేత. బోరునీటి క్రింద వేసిన ప్రొద్దుతిరుగుడు, నువ్వు, ధనియాలు. అనంతపురము సీమయంతయు వేరుశనగయే కదా, దాని తేనె యేది యని మీరడుగవచ్చును. వేరుశనగ పూవు చాలవఱకు తనంతట తానే ఫలించును. దాని వలన తేనె అంతగా రాదు. ఎవరైన వేరుశనగ పూల తేనె యని అమ్మజూపినచో రెండు ప్రశ్నలు హెచ్చుగా అడుగుడు.

పుప్పొడి సాక్ష్యమునకును హద్దులు కలవు. బాగుగా వడగట్టినచో రేణువులు పోవును. అప్పుడు అడంగలు చింపివేసిన భూమివలె, తేనెకు ఊరు పేరు లేకుండ పోవును. పాకములో కొంచెము మంచి తేనె కలిపినను రేణువులు కానవచ్చును. మేతలేని కాలమున పెట్టెల ఈగలకు చక్కెర నీళ్లు పెట్టుట తప్పు కాదు, అవి బ్రతుకవలెను. ఆ పట్టునే పిండి అమ్ముట మాత్రము తప్పు. అందుచేత ఏ యొక్క పరీక్షయు తానొక్కటే తీర్పు చెప్పజాలదు. తూకము నీటిని చెప్పును. రసాయనము చక్కెరను చెప్పును. కర్బనము చెఱకును చెప్పును. పుప్పొడి పూవును చెప్పును. నలుగురు సాక్షులును ఒక్కమాట చెప్పిననే నమ్మదగినది.

గుజరాతులోని ఆనందులో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి వారు 2020 జూలైలో తేనె పరీక్షకే ప్రత్యేకముగా ఒక ప్రయోగశాల తెఱచిరి. మన ఊరి సీసా నచ్చటికి పంపుట యెట్లని మీరనవచ్చును. మీకు చట్టమొక దారి చూపినది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణముల చట్టము 40వ విభాగము ప్రకారము, కొనువాడు ఎవడైనను ఆహారపదార్థమును రుసుము చెల్లించి ప్రభుత్వ విశ్లేషకునిచే పరీక్ష చేయించుకొనవచ్చును. కొనునప్పుడే, పరీక్షకు పంపెదనని అమ్మువానికి తెలుపవలెను. పదార్థము చట్టమునకు విరుద్ధమని తేలినచో రుసుము తిరిగి వచ్చును. ఈ హక్కు మనలో ఎందఱికి తెలియును? 2022 ఏప్రిల్ నుండి పుట్టపర్తి జిల్లా కేంద్రమైనది. అధికారులు దూరమున లేరు. రచ్చకట్ట తీర్పునకన్న ఈ దారి న్యాయమైనది.

ప్రసంగవశమున తల్లులకొక మనవి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాయు ఆచారము మన ఇండ్లలో నున్నది. తేనె యెంత శుద్ధమైనను ఏడాది నిండని శిశువునకు ఇయ్యరాదని వైద్యులు చెప్పుచున్నారు. అందు బోట్యులిజమను రోగమును కలిగించు సూక్ష్మబీజములు ఉండవచ్చును. పెద్దల కడుపు వానిని అణచును, పసికడుపు అణచలేదు. ఇది కల్తీకి సంబంధించినది కాదు, మంచి తేనెకే సంబంధించిన హెచ్చరిక.

చివరగా ఈ గ్రంథాలయమువారికి నేనొక సూచన చేయుచున్నాను. మన బీరువాలో ఒక పుస్తకము వేయుదము. ఈ చుట్టుపట్ల తేనె దింపువారుగాని, పెట్టెలు పెట్టువారుగాని తెచ్చిన ప్రతి సరకునకు నాలుగు గడులు: ఏ చోట దింపినది, ఏ దినమున దింపినది, ఏ ఈగది, అప్పుడు చుట్టు ఏ చెట్లు పూచియున్నవి. అయిదవ గడిలో తూకము. దీనికి ఖర్చు లేదు. ఒక కలము, ఒక పుస్తకము, అడుగువానికి మర్యాద – ఇవి చాలును. నాలుగేండ్లు వ్రాసినచో మన ఊరి తేనె యేదియో, ఏ మాసమున ఏ వన్నెలో, ఏ రుచిలో వచ్చునో మన పిల్లలకు తెలియును. ఎప్పుడైన సందేహము కలిగినచో సీసాను ప్రయోగశాలకు పంపుటకు ముందు మన పుస్తకము తిరుగవేయవచ్చును. తొలి పుట వ్రాయుటకు నేను సిద్ధముగా నున్నాను.

ఇది దొంగను పట్టుకొనుటకు మాత్రమే కాదని గమనింపగోరుచున్నాను. రామాయణమున మధువనమునకు దధిముఖుడు కావలియుండెను. కావలియన్నది తోటను కాచుటకే గాని వచ్చినవారినెల్ల దొంగలనుటకు కాదు. పరీక్ష తెలియనివాని అనుమానము దొంగకేమియు చేయదు. వాడు దానికి తగిన పాకము సిద్ధము చేసికొనియే వచ్చును. ఆ అనుమానపు దెబ్బ తగులునది తాడు పట్టుకొని కొండచఱియ దిగి, పొగలో కండ్లు మండగా, కుట్టించుకొని తెచ్చిన పేదవానికి. అతనియొద్ద చీటీ లేదు, ముద్ర లేదు. ఉన్నది మాట యొక్కటే. ఆ మాటను నేను వినలేదు.

ఆ ముదుసలి పేరు నేనెన్నడును అడుగలేదు. ఊరిలోని ప్రతి పట్టాదారు పేరు, తండ్రి పేరుతో సహా, కంఠతా వచ్చినవాడను. ఇరువది యేండ్లు మా ఇంటికి తేనె తెచ్చినవాని పేరెఱుగను. ఆ పుస్తకమున మఱియొక గడి యుండవలెనని ఇప్పుడు తోచుచున్నది: దింపినవాని పేరు. దానిని మొదటి గడిగా వ్రాయుదము.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును చూచుగాక యని కోరుచు విరమించుచున్నాను.